పొలంలో జీపీఎస్ బేస్ స్టేషన్, రేడియో రిపీటర్ పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటోస్టీర్ (స్టీరింగ్ తనే తిప్పుకునే పరికరం) బిగించిన ట్రాక్టర్లు, పిచికారీ డ్రోన్లు, పామాయిల్ తోటల మార్కింగ్ కోసం రోవర్ పట్టుకు తిరిగేవాళ్లు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ కనబడుతున్నారు. వీటిని కొనేవాళ్లు యంత్రం గురించి అన్నీ ఆరా తీస్తారు. ఆ యంత్రం నమ్ముకున్న బేస్ గురించి మాత్రం కొన్నాకే అడుగుతారు. ఆ అడిగేవాటికి జవాబులివి.

ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా, విడిగా బేస్ దేనికి?

ఫోన్ చూపించే చోటు మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ఊరు వెతుక్కోవడానికి అది చాలు, సాళ్ల మధ్య చక్రం నడపడానికి చాలదు. ఉపగ్రహం పంపిన సంకేతం వాతావరణం పైపొరల్లో ఆలస్యమవుతుంది. ఉపగ్రహం కక్ష్యలో, గడియారంలో చిన్న చిన్న తేడాలుంటాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు రిసీవర్లకు ఈ తప్పులు దాదాపు ఒకేలా పడతాయి. అందుకని ఒక రిసీవర్‌ను కదలకుండా బిగించి, అది కొలిచినవన్నీ సెకనుకోసారి ట్రాక్టరుకు పంపుతాం. ట్రాక్టరు మీది రిసీవర్ ఆ ఉమ్మడి తప్పును కొట్టేసి, సుమారు 19 సెంటీమీటర్ల పొడవుండే సంకేత తరంగాన్నే కొలబద్దగా వాడుకుని, రెండు సెంటీమీటర్ల లోపు లెక్క తేలుస్తుంది. కదలనిది బేస్, కదిలేది రోవర్, పద్ధతి పేరు ఆర్‌టీకే.

నాకు నిజంగా సొంత బేస్ కావాలా?

రెండు మూడెకరాల రైతు ఒక్కడే పెట్టుకోవాల్సిన పని కాదిది. కస్టమ్ హైరింగ్ సెంటర్, రైతు ఉత్పత్తిదారుల సంఘం, డ్రోన్లు అద్దెకు తిప్పేవాళ్లు, పెద్ద కమతం ఉన్నవాళ్లు పెట్టుకుంటే గిట్టుబాటవుతుంది.

ముందుగా పనిని చూడండి. ఎరువు చల్లడానికో, మోటుగా మందు కొట్టడానికో అయితే మన దేశపు గగన్ ఉపగ్రహాల ద్వారా ఉచితంగా వచ్చే సవరణతో మీటరు అటూ ఇటూగా గడిచిపోతుంది. నిరుడు పరిచిన డ్రిప్ పైపు మీదే ఈ ఏడాది సాలు పడాలన్నా, నేల చదును చేయాలన్నా, పామాయిల్ మొక్కలకు 9 మీటర్ల త్రికోణం లెక్కన ఎకరాకు 57 గుంతలు గుర్తు పెట్టాలన్నా ఆర్‌టీకే కావాలి.

ఇంటర్నెట్‌లో కరెక్షన్ (బేస్ పంపే సవరణ) దొరుకుతుంటే రేడియో ఎందుకు?

మీ పొలమంతా ఫోన్ సిగ్నల్ నిలకడగా ఉంటే రేడియో జోలికి పోకండి. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా కోర్స్ అనే శాశ్వత బేస్ స్టేషన్లు పెట్టి, నమోదు చేసుకున్నవారికి కరెక్షన్ ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో రోవర్లు పనిచేసింది కోర్స్ కరెక్షన్‌తోనే. మీ సొంత బేస్ కరెక్షన్‌ను కూడా ఎన్‌ట్రిప్ పద్ధతిలో నెట్ ద్వారా ట్రాక్టరుకు పంపవచ్చు. అప్పుడు రేడియో లైసెన్సు, మాస్టు (యాంటెన్నా నిలబెట్టే ఎత్తయిన గొట్టం), రిపీటర్ (బేస్ మాట విని తిరిగి పంపే రేడియో) గొడవలేవీ ఉండవు.

అయితే గుట్టల మధ్య పల్లాల్లో, అడవి అంచున, లంక భూముల్లో నెట్ వచ్చిపోతూ ఉంటుంది. కరెక్షన్ ఆగిన కొద్ది సెకన్ల వరకు రిసీవర్ పాత డేటాతో నెట్టుకొస్తుంది, అర నిమిషం దాటితే చాలా రిసీవర్లు ఫిక్స్ (సెంటీమీటర్ల లెక్క ఖాయంగా తేలిన స్థితి) వదిలేస్తాయి. సాలు మధ్యలో అలా జరిగితే ఆ సాలు పాడైనట్టే. అలాంటి చోట్లకే రేడియో.

బేస్ యాంటెన్నా ఎక్కడ బిగించాలి?

చుట్టూ దిక్చక్రానికి 10–15 డిగ్రీల పైన ఆకాశం తెరిపిగా ఉండాలి. రేకుల షెడ్డు మీద వద్దు, రేకు మీద పడి తిరిగొచ్చే సంకేతం కొలతను చెడగొడుతుంది. నీళ్ల ట్యాంకు ఇనుప స్టాండు గాలికి ఊగుతుంది, ఎండకు సాగుతుంది. చెట్టుకు కట్టిన గొట్టం ఎప్పటికీ బేస్ కాదు.

ఆర్‌సీసీ డాబా అయితే పిట్టగోడ మీద కాకుండా స్తంభం తలమీద రెండంగుళాల జీఐ పైపు పొట్టిగా, బలంగా దింపండి. డాబా లేకపోతే నేలలో గట్టి పొర తగిలేదాకా గుంత తీసి కాంక్రీటు దిమ్మె పోయించండి. నల్లరేగడిలో ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, పైపైన పాతిన దిమ్మె దాంతోపాటే లేస్తూ వాలుతూ ఉంటుంది.

ఒక మాట గుర్తుంచుకోండి: జీపీఎస్ యాంటెన్నాకు కావలసింది కదలకపోవడం, రేడియో యాంటెన్నాకు కావలసింది ఎత్తు. రెండింటినీ ఒకే ఎత్తయిన గొట్టానికి బిగించడం తరచుగా చూస్తుంటాం. గాలి వీచినప్పుడల్లా గొట్టంతోపాటు మీ సాళ్లన్నీ ఊగుతాయి. రెండూ వేరువేరుగా పెట్టండి.

బేస్ తన చోటు తనే కనుక్కుంటుంది కదా, అక్షాంశ రేఖాంశాలు నేనెందుకు ఇవ్వాలి?

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఈ ఒక్క విషయమే, కాబట్టి వివరంగా చెబుతాను.

కొత్త బేస్ ఆన్ చేయగానే 'సర్వే-ఇన్' అనే పద్ధతిలో కొన్ని నిమిషాల కొలతలు సగటు కట్టి, ఇదే నా చోటు అనుకుంటుంది. ఆ చోటు అసలు చోటుకు ఒకటి రెండు మీటర్ల తేడాలో ఉండవచ్చు. ఆ రోజుకు ఇబ్బందేమీ కనబడదు, ఎందుకంటే ట్రాక్టరు బేస్‌ను బట్టి సెంటీమీటరు తేడా లేకుండా నడుస్తుంది. మీరు ఏబీ లైన్లు (ట్రాక్టరు నడవాల్సిన గీతలు) గీసుకుంటారు, డ్రిప్ పరుస్తారు. ఇరవై రోజులకు కరెంటు పోయి వస్తుంది. బేస్ మళ్లీ సర్వే-ఇన్ చేసుకుని ఈసారి ఇంకో చోటు తేలుస్తుంది. తెర మీద ఫిక్స్ అనే ఉంటుంది, పాత లైనే కనబడుతుంది, గొర్రు మాత్రం పాత సాలుకు మీటరు పక్కన దిగుతుంది. నాలుగైదు డ్రిప్ పైపులు తెగాక గానీ ఎవరికీ అర్థం కాదు.

మందు తేలికే. బేస్ యాంటెన్నా శాశ్వతంగా బిగించాక 24 గంటల ముడి డేటా రికార్డు చేయండి. దాన్ని రైనెక్స్ ఫైలుగా (అన్ని కంపెనీలకూ పనికొచ్చే ఉమ్మడి రూపంలోకి) మార్చి, ఆన్‌లైన్‌లో చోటు లెక్కకట్టే కెనడా ప్రభుత్వపు సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీకో, జియోసైన్స్ ఆస్ట్రేలియా వారి ఆస్‌పాస్‌కో పంపండి. రెండూ ఉచితం, మన దేశపు డేటానూ తీసుకుంటాయి. ఒకటి రెండు సెంటీమీటర్ల లోపు చోటు లెక్కకట్టి పంపిస్తాయి. ఆ అంకెలను బేస్‌లో 'ఫిక్స్‌డ్' అని నమోదు చేసి సర్వే-ఇన్ ఆపేయండి. అవే అంకెలను, యాంటెన్నా ఎత్తును, ఏ గుర్తు దగ్గర్నుంచి కొలిచారో దాన్ని, తేదీని కాగితం మీద రాసి రెండుచోట్ల దాచండి. దిమ్మె మీద యాంటెన్నా కింద ఒక ఇత్తడి మేకో, స్టీలు బోల్టో పాతితే, కోతులు యాంటెన్నా విరగ్గొట్టినా కొత్తదాన్ని పాత చోటే పెట్టగలుగుతారు.

భారత ఖండఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతోందని, అందుకు బేస్ అంకెలు ఏటా మార్చాలా అని కొందరు అడుగుతారు. మార్చకండి. బేస్, పొలం కలిసే జరుగుతాయి, మీ సాళ్లకు ఏమీ కాదు. ఒకరోజు సొంత బేస్, ఇంకోరోజు కోర్స్ వాడితే మాత్రం రెండింటి లెక్కల్లో తేడా ఉండవచ్చు. పొలం గట్టున ఒక స్థిరమైన గుర్తు మీద రెండింటితోనూ కొలిచి ఎంత తేడానో చూసుకున్నాకే పనికి దిగండి.

ఏ రేడియో వాడవచ్చు? లైసెన్సు కావాలా?

సర్వే సెట్లతో వచ్చే యూహెచ్‌ఎఫ్ రేడియోలు చాలావరకు 410–470 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. అమ్మినవాళ్లు ఏదో ఒక ఛానల్ పెట్టి ఇస్తారు, అదీ పని చేస్తుంది. కానీ ఆ బ్యాండులో ప్రసారం చేయడానికి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఫ్రీక్వెన్సీ కేటాయించి లైసెన్సు ఇవ్వాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. అదే బ్యాండులో పోలీసులు, ఇతర సంస్థలు మాట్లాడుకుంటారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

లైసెన్సు అక్కర్లేని దారి 865–868 మెగాహెర్ట్జ్. ఇక్కడ 1 వాట్ ట్రాన్స్‌మిటర్, యాంటెన్నాతో కలిపి 4 వాట్ల ఈఆర్‌పీ (గాలిలోకి వెళ్లే పవర్), 200 కిలోహెర్ట్జ్ వెడల్పు దాటకుండా వాడుకోవచ్చు. పరికరానికి ఈటీఏ (డబ్ల్యూపీసీ ఇచ్చే పరికర ఆమోదం) ఉందో లేదో కొనేముందే అడగండి. నాలుగైదు కిలోమీటర్ల పొలానికి నా సలహా ఇదే.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చే 900 మెగాహెర్ట్జ్ రేడియోలతో జాగ్రత్త. అక్కడ 902–928 బ్యాండు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, అందుకే అక్కడి ట్రాక్టర్లకు ఆ రేడియోలు మామూలు. మన దగ్గర 890–915 మెగాహెర్ట్జ్‌లో సెల్‌ఫోన్లు టవరుకు మాట్లాడతాయి. ఆ రేడియో ఇక్కడ ఆన్ చేస్తే పక్క టవరు చెవిలో హోరు పెట్టినట్టే. చట్టరీత్యా తప్పు, ఊరి ఫోన్లకూ చేటు. అలాగే ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 433 మెగాహెర్ట్జ్ రేడియో మాడ్యూళ్లతోనూ జాగ్రత్త. మన నిబంధనల్లో ఆ బ్యాండు ఇంటి లోపల వాడే కొద్ది మిల్లీవాట్ల పరికరాలకే, వాట్లకు వాట్లు పొలం మీదికి పంపడానికి కాదు.

ఎంత దూరం అందుతుంది? ఎక్కువ వాట్ల రేడియో కొననా?

వాట్ల కంటే ముందు ఎత్తు చూడండి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 4.1తో గుణిస్తే, అది ఎన్ని కిలోమీటర్ల వరకు చూడగలదో వస్తుంది. బేస్ యాంటెన్నా 9 మీటర్ల మీద ఉంటే 12 కిలోమీటర్లు, ట్రాక్టరు కప్పు మీద 3 మీటర్ల ఎత్తుకు 7 కిలోమీటర్లు, కలిపి 19. ఇది బల్లపరుపు నేల మీద కాగితపు లెక్క.

అసలులో ఇందులో సగం కూడా రాకపోవడానికి కారణముంది. రేడియో తరంగం సన్నటి గీతలా పోదు, నూలు కండెలా మధ్యలో ఉబ్బుతుంది. 450 మెగాహెర్ట్జ్‌లో 5 కిలోమీటర్ల దారికి మధ్యలో ఆ ఉబ్బు కేంద్రం నుంచి 29 మీటర్ల వరకు ఉంటుంది. ఆ చోటులోకి కొబ్బరి తోట వచ్చినా, నేల వచ్చినా సిగ్నల్ తగ్గుతుంది. కోనసీమ కొబ్బరి మధ్య, అందులోనూ వాన తడిసిన ఆకుల మధ్య, రెండు మూడు కిలోమీటర్లకే చేతులెత్తేసే రేడియో అనంతపురం బయళ్లలో ఎనిమిది పది కిలోమీటర్లు పలుకుతుంది.

నేల మీదుగా పోయే సిగ్నల్ విషయంలో యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే పవర్ నాలుగింతలు చేసినంత లాభం. దూరం రెట్టింపు కావాలంటే పవర్ పదహారింతలు కావాలి. ఇంకో ఆరు మీటర్ల పైపు ఖర్చు, 35 వాట్ల రేడియో ఖర్చు పక్కపక్కన పెట్టి చూడండి.

ఎత్తు పెంచేటప్పుడు కేబుల్ మరిచిపోకండి. 450 మెగాహెర్ట్జ్ దగ్గర పది మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ సగం పవర్ తినేస్తుంది, 866 దగ్గర అంతకంటే ఎక్కువే. ఎల్‌ఎంఆర్-400 లాంటి లావు కేబుల్ వేయండి, లేదా రేడియోనే డబ్బాలో పెట్టి మాస్టు పైకెక్కించి కిందినుంచి కరెంటు, డేటా తీగలు మాత్రమే తీసుకెళ్లండి.

రిపీటర్ పెడితే దూరంలోనూ అదే కచ్చితత్వం వస్తుందా?

రాదు. రిపీటర్ మాటను మోస్తుందంతే. కచ్చితత్వం ట్రాక్టరుకూ బేస్‌కూ ఉన్న దూరాన్ని బట్టే ఉంటుంది, రిపీటర్ ఎంత దగ్గరున్నా సరే. మామూలు లెక్క 1 సెంటీమీటరు, దానికి తోడు ప్రతి 10 కిలోమీటర్లకు ఇంకో సెంటీమీటరు. 20 కిలోమీటర్ల అవతల ఉన్న పొలానికి రెండు రిపీటర్లు వరుసగా పెట్టే బదులు అక్కడ ఇంకో బేస్ పెట్టుకోవడం మేలు.

రిపీటర్‌ను ఎక్కడ నిలబెట్టాలి?

సిగ్నల్ అందని పల్లంలో నిలబెట్టేవాళ్లే ఎక్కువ. అక్కడ బేస్ మాట రిపీటర్‌కే వినబడదు, ఇక అది ఏం చెబుతుంది? బేస్‌నూ పల్లాన్నీ రెండింటినీ చూసే గుట్ట మీద, లేదా గట్టు మలుపు మీద పెట్టాలి. ముందుగా రోవర్ పట్టుకుని ఆ చోట్లన్నీ తిరిగి, కరెక్షన్ తప్పకుండా సెకనుకోసారి అందుతున్న చోటు చూడండి. బొటాబొటిగా అందే చోటు వద్దు. మార్చిలో ఎండిన చేలలో బాగా అందిన సిగ్నల్, ఆగస్టులో ఆరడుగుల మొక్కజొన్న, నిండు ఆకుల మధ్య అందదు.

రిపీటర్ పెట్టినప్పటి నుంచి ఫిక్స్ వచ్చిపోతోంది. ఎందుకు?

చాలాసార్లు సెకను చాలకపోవడమే కారణం. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే రిపీటర్ బేస్ మాట పూర్తిగా విని, అది ఆగాక తిరిగి చెబుతుంది. జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైదూ నాలుగు ఉపగ్రహ వ్యవస్థల డేటాను ఆర్‌టీసీఎం అనే ఉమ్మడి కరెక్షన్ భాషలో, ఎంఎస్‌ఎం4 అనే కుదించిన రూపంలో పంపితే సుమారు 650 బైట్లు. సెకనుకు 9600 బిట్ల వేగంతో దీనికి అర సెకను పైనే పడుతుంది. రిపీటర్ మళ్లీ చెప్పడానికి ఇంకో అర సెకను పైన. ఈలోగా బేస్ తర్వాతి సెకను మాట మొదలుపెడుతుంది, రెండూ గాలిలో గుద్దుకుంటాయి. ఇంకా వివరంగా ఉండే ఎంఎస్‌ఎం7 పంపితే వెయ్యి బైట్లు దాటుతుంది, ఇక చెప్పనక్కర్లేదు.

ఎంఎస్‌ఎం7 ఉంటే ఎంఎస్‌ఎం4కు మార్చండి. ఒక ఉపగ్రహ వ్యవస్థను తీసేయండి, మూడుతో ఫిక్స్ బాగానే నిలుస్తుంది. లైసెన్సులో 25 కిలోహెర్ట్జ్ ఛానల్ ఉంటే వేగాన్ని 19200 చేయండి. బేస్ చోటు చెప్పే 1005 లేదా 1006 సందేశం ప్రతి సెకనూ అక్కర్లేదు, పది సెకన్లకోసారి చాలు. ఇవన్నీ చేశాకా చాలకపోతే వినేది ఒక ఫ్రీక్వెన్సీ, చెప్పేది ఇంకో ఫ్రీక్వెన్సీగా ఉండే రిపీటర్ తీసుకోవాలి. రెండు రిపీటర్లు ఒకదాని మాట ఒకటి వినే చోట ఉంటే అదే మాటను అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చుంటాయి, సెట్టింగుల్లో వాటికి వరుస నంబర్లు ఇచ్చి తీరాలి.

రిపీటర్‌కు సోలార్ ఎంత పెట్టాలి?

సగటున 8 వాట్లు వాడే రిపీటర్‌కు రోజుకు 192 వాట్-అవర్లు, అంటే 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్-అవర్లు. మూడు రోజుల ముసురుకు 48 కావాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దింపకూడదు కాబట్టి 100 ఏహెచ్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 60 ఏహెచ్. ప్యానెల్ 100 వాట్లకు తగ్గొద్దు. మరీ చవక ఛార్జ్ కంట్రోలర్లు రేడియోలోకి రొద పంపుతాయి. పగలు అందక రాత్రి బాగా అందుతుంటే ముందు దాన్నే అనుమానించండి.

పిడుగుల మాటేమిటి? కరెంటు తీగల సంగతి?

మాస్టును, రేడియో డబ్బాను, జీపీఎస్ కేబుల్ తొడుగును అన్నింటినీ ఒకే ఎర్తింగ్‌కు కలపండి. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట సర్జ్ అరెస్టర్ పెట్టండి. సూటిగా పడిన పిడుగును ఇవేవీ ఆపలేవు, దగ్గర్లో పడినదాని నుంచి పరికరాన్ని కాపాడతాయి. ఉరుములు వినబడుతుంటే కేబుల్ ఊడదీయడానికి కూడా మాస్టు దగ్గరికి పోవద్దు.

ఇక 11 కేవీ లైన్లు. బోరు పైపులు పైకి లేపుతూ తీగకు తగిలించి మన రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఏటా చదువుతున్నాం. మాస్టు కూడా అలాంటి ఇనుప గొట్టమే. మాస్టు పూర్తి పొడవు ఎంతో అంతకు ఒకటిన్నర రెట్లు దూరంలో, ఏ దిక్కుకు పడినా తీగను తాకని చోటే నిలబెట్టండి. లేపేటప్పుడు ఒకరు కేవలం తీగలనే చూస్తూ నిలబడాలి. అలాంటి చోటు దొరక్కపోతే ఆ మాస్టు మానుకోండి, పొట్టి మాస్టుతో రిపీటర్ పెట్టుకోండి.

పగలంతా బాగుండి సాయంత్రం ఏడు దాటాక ఫిక్స్ ఎందుకు పోతోంది?

పరికరాన్ని తిట్టకండి. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది. దానికి అటూ ఇటూ ఉన్న మన లాంటి ప్రాంతాల్లో సూర్యాస్తమయం తర్వాత అర్ధరాత్రి వరకు అయనోస్ఫియర్ (సంకేతాన్ని ఆలస్యం చేసే వాతావరణపు పైపొర) అల్లకల్లోలంగా ఉంటుంది. మార్చి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరు నెలల్లో, సూర్యుడి మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఇది మరీ ఎక్కువ. యూరప్ కోసం రాసిన పుస్తకాల్లో '20 కిలోమీటర్ల వరకు సరే' అని ఉంటుంది. ఇక్కడ నేనైతే పది లోపే ఉండమంటాను. రెండు మూడు ఫ్రీక్వెన్సీలు అందుకునే రిసీవర్ కొనండి. చదును పని, డ్రిప్ పక్కన దున్నే పని పగలు పెట్టుకుని, తేడా వచ్చినా ఫరవాలేని పనులు రాత్రికి పెట్టుకోండి.

రేడియో లైటు వెలుగుతోంది, ఫిక్స్ మాత్రం రాదు. ఏం చూడాలి?

లైటు వెలిగిందంటే ఏదో వినబడుతోందనే అర్థం, అది అర్థమవుతోందని కాదు. ఫ్రీక్వెన్సీ, ఛానల్ వెడల్పు, ప్రోటోకాల్, గాలిలో వేగం, ఎఫ్‌ఈసీ (తప్పులు సరిదిద్దే కోడ్) ఈ ఐదూ బేస్, రిపీటర్, ట్రాక్టరు మూడు రేడియోల్లో ఒకేలా ఉన్నాయా చూడండి. ట్రిమ్‌టాక్, సాటెల్ లాంటి ప్రోటోకాళ్లలో ఒకే పేరుకు చిన్న మార్పులతో రకాలుంటాయి, కంపెనీలు వేరైతే చిక్కు తరచుగా అక్కడే. తర్వాత బేస్ సీఎంఆర్ అనే వేరే రూపంలో కరెక్షన్ పంపుతుంటే రోవర్ ఆర్‌టీసీఎం కోసం చూస్తోందేమో చూడండి. 1005/1006 అసలు వెళ్తోందా? గ్లోనాస్ వాడుతూ రెండు రిసీవర్లూ వేర్వేరు కంపెనీలవైతే, వాటి గ్లోనాస్ కొలతల తేడా చెప్పే 1230 సందేశం కూడా పంపాలి. ఫ్లోట్ (ఫిక్స్ ఇంకా తేలని స్థితి) దగ్గరే ఆగిపోతే ట్రాక్టరు యాంటెన్నా మీద ఆకాశం ఎలా ఉందో తలెత్తి చూడండి.

ఒక బేస్‌ను ఊళ్లో అందరూ వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. బేస్ మాట్లాడుతుందే తప్ప వినదు కాబట్టి ఎన్ని ట్రాక్టర్లు, డ్రోన్లు విన్నా దానికి బరువు పెరగదు. అలా పంచుకున్నప్పుడు ఫ్రీక్వెన్సీ, ప్రోటోకాల్, బేస్ అంకెలు ఒక కార్డు మీద ముద్రించి అందరికీ ఇవ్వండి. సెట్టింగులు మార్చే తాళం మాత్రం ఒక్కరి దగ్గరే ఉండాలి, ఏది మార్చినా ముందురోజే అందరికీ ఫోన్ వెళ్లాలి. ఆ మనిషి ఎవరో బేస్ కొనకముందే తేల్చుకోండి.